మోకాళ్ళ నొప్పి కంగారూ

ఏమండోయ్, ఫోన్‌ని కళ్ళకి అంటించుకుని ఇది చదువుతున్న మిమ్మల్నే! నిన్న మీ మేనత్త పంపిన ఫొటో చూసి "ఇది ఏఐ" అని తీసిపారేశారా లేదా? పారేశారు. సిగ్గుపడకండి. ఏ ఫొటోనీ ఎవరూ నమ్మని కాలంలో బతకడం మన అదృష్టం!

నన్నే తీసుకోండి. పేరు బాబురావు. బర్మింగ్‌హామ్‌లో పదిహేనేళ్ళుగా షుగర్‌తో కాపురం. మొన్నొక బర్త్‌డేలో రెండో ప్లేటు బిర్యానీతో నేనున్న ఫొటో మా ఆవిడ కృపామణి కంటపడింది. ఆవిడ నర్సు. "ఏఐ" అన్నాను. ఒక్క ముక్క! పాతరోజుల్లో అయితే ఎన్ని అబద్ధాలు అల్లాలి, ఎన్ని గుర్తుపెట్టుకోవాలి?

మా వీధి నిశాంత్ జ్వరమని ఆఫీసు ఎగ్గొట్టి, సముద్రంలో ఈదుతూ ఫొటోలో దొరికాడు. అతనికీ అదే మందు రాసిచ్చాను. నా పెళ్ళి ఫొటోలో ఒత్తయిన జుట్టు చూసి మా మనవరాలు జెస్లిన్ కూడా ఏఐ అంది. అదొక్కటే కాస్త బాధపెట్టింది.

మా ఊరి చివర ఒక నేచర్ రిజర్వ్ ఉంది. ఒకపక్క బస్సుల రోడ్డు, ఒకపక్క సూపర్‌మార్కెట్, మధ్యలో అడవి. అందులో వాలబీలు స్వేచ్ఛగా తిరుగుతాయని బోర్డు. వాలబీ అంటే కంగారూకి తమ్ముడి వరస. ఒకరోజు వాకింగ్‌లో నిజంగానే ఒకటి ఎదురొచ్చి, నన్ను కౌన్సిల్ ఆఫీసర్‌లా కిందికీ మీదికీ చూసి వెళ్ళిపోయింది. ఫొటో తీశాను. తెలుగు గ్రూపులో పెట్టాను.

ముందుగా నా మిత్రుడు మొగిలయ్య వాయిస్ మెసేజ్ వచ్చింది. "అన్నా, తోక సక్కగ రాలే. ఇంకోపారి చెయ్యమను."

మొగిలయ్య తప్పేం లేదు. చెత్త బిన్లు తూర్పుముఖంగా పెట్టకపోతే కౌన్సిల్ లారీ ఆగదని పోయినేడు నేను చెబితే, వాస్తు ఇక్కడి దాకా వచ్చిందని మురిసిపోయి, వానలో గొడుగేసుకుని వీధిలో బిన్లన్నీ తిప్పాడు. అలాంటి నేను పెట్టిన కంగారూని ఎవరు నమ్ముతారు?

గ్రూపు నమ్మకపోతే పీడా పోయె. కానీ జెస్లిన్ నమ్మింది. ఫొటోని స్కూలుకి పట్టుకెళ్ళి, మా తాతయ్య చూశాడని క్లాసంతా చెప్పింది. క్లాసంతా నవ్వింది. ఇంటికొచ్చి నా ఎదురుగా నిలబడి, నిజం చెప్పమని అడిగింది. నిజమే అన్నాను. ఎనిమిదేళ్ళ పిల్ల నన్ను, అబద్ధమని తెలిశాక మొగిలయ్య తన బిన్నుని చూసినట్టు చూసింది. అరవై ఏళ్ళుగా అందర్నీ ఆటపట్టించినవాణ్ణి, ఆ చూపుని మాత్రం తట్టుకోలేకపోయాను.

కృపామణికి డ్యూటీ రోటాలో శనివారం ఖాళీ దొరికింది. పులిహోర కట్టించి, సాక్షిగా మొగిలయ్యని తోడు తీసుకుని బయల్దేరాం. గట్టిగా మాట్లాడకూడదని అక్కడ రూలు. నలుగురు తెలుగువాళ్ళం రెండు గంటలు గుసగుసగా మాట్లాడుకున్నాం! కంగారూ కన్నా అదే పెద్ద వింత. ఊరికో కంగారూని వదిలితే మన ఫంక్షన్లు ఎంత ప్రశాంతంగా ఉంటాయి?

కంగారూ మాత్రం రాలేదు. పులిహోర అయిపోయింది. జెస్లిన్ బూటు కొనతో నేలమీద గీతలు గీస్తూ కూర్చుంది. ఇక నా మాట మీద దానికి ఈ జన్మలో నమ్మకం ఉండదనిపించింది.

మెల్లగా మొగిలయ్యని పక్కకి తీసుకెళ్ళాను. నా బ్రౌన్ ఫ్లీస్ జాకెట్ తొడుక్కుని, దాని టోపీ తలమీదికి లాక్కుని, ఆ పొదల వెనక రెండు గెంతులు గెంతమన్నాను. మోకాళ్ళు చూపించాడు. నేను పిల్ల మొహం చూపించాను. పాపం, ఒప్పుకున్నాడు.

గెంతాడండీ! రెండన్నవాడు నాలుగు గెంతాడు. జెస్లిన్ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. నేను ఫోన్ ఎత్తి వీడియో తీస్తూనే ఉన్నాను. నా జీవితంలో ఇంత గొప్పగా ఎవరినీ మోసం చెయ్యలేదు.

తిరిగొచ్చేటప్పుడు, మొగిలయ్యని వాళ్ళింటి దగ్గర దింపాక, వెనక సీట్లోంచి జెస్లిన్ అంది. "తాతయ్యా, దట్ వాజ్ మొగిలయ్య అంకుల్."

కృపామణి కిటికీ వైపు తిరిగింది. భుజాలు ఊగుతున్నాయి. ఎప్పుడు తెలిసిందని అడిగాను.

"ఫస్ట్ జంప్‌కే. కంగారూస్ డోంట్ సే 'అబ్బ నా మోకాలు'."

మరి చప్పట్లెందుకని అడిగాను. నేను చాలా హ్యాపీగా కనిపించానట. అందుకని. ఇంగ్లిష్‌లో ఇంకో మాట కూడా చెప్పింది. నేను అంకుల్ని వీడియో తీస్తుంటే, సరిగ్గా నా వెనకాల అసలు కంగారూ వచ్చి నిలబడిందట. సంచిలోంచి పిల్ల తల బయటపెట్టి చూసిందట. తను కదలకుండా చాలాసేపు చూసిందట.

కారు పక్కకి ఆపేశాను. "ఫొటో తీశావా?"

జెస్లిన్ ఎప్పుడో గానీ తెలుగులో మాట్లాడదు. ఇప్పుడు మాట్లాడింది. "తీస్తే ఎవరు నమ్ముతారు తాతయ్యా?"

ఇది జరిగి మూడు వారాలు. నిజంగానే చూసిందా? లేక నన్ను ఆటపట్టిస్తోందా? నా మనవరాలే కదా, రెండోదే అయ్యుండొచ్చు. బతిమాలినా, చాక్లెట్లు కొనిపెట్టినా నవ్వుతుందే గానీ చెప్పదు.

ఒక్క ఫొటో తీసి ఉండకూడదా, మీరే చెప్పండి! నేను నమ్మేవాణ్ణి కదా.