చిత్తూరులో లండన్ రేషన్ కార్డు

నాటకమంటే మనిషి మనిషికి చెప్పుకునే కథ అని కొందరు అపోహ పడుతుంటారు. వాస్తవానికి అది ఒక ఆఫీసు ఇంకో ఆఫీసుకు ఇచ్చుకునే సంజాయిషీ. చిత్తూరు కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పే నజ్మాకు ఈ సత్యం కాస్త ఆలస్యంగా తెలిసింది.

ఆమె తెలుగు చేసిన నాటకాన్ని రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొత్తల్లో లండన్‌లో ఒకావిడ రాసింది. యుద్ధానికి పోయిన మొగుడు తిరిగి రాడు. చనిపోయాడన్న కబురూ రాదు. భార్య రేషన్ కార్డులోంచి అతని పేరు తీయించదు. వారం వారం అతని వాటా చక్కెర, వెన్న తెచ్చి అలమరలో దాస్తుంది. ఒకనాడు ఇనస్పెక్టరు తలుపు తడతాడు. కార్డు ఇవ్వడమా, మానడమా అన్నదే మిగతా రెండు గంటలూ.

అక్కడి నాటకాల అనుమతి కచేరీ మొదట దాన్ని ఆపేసింది (వెన్న విషయంలో ప్రభుత్వం చిన్నబోతుందని). తర్వాత సగం కోసి వదిలింది. తొలిసారి ఆడినప్పుడు జనం మధ్యలోనే లేచిపోయారు. ఏళ్ల తర్వాత అదే నాటకానికి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆనక ఆ కచేరీయే మూతపడింది.

భార్య వేషానికి నజ్మా నగరిలో మరమగ్గం నడిపే చౌడేశ్వరిని ఎంచుకుంది. ఎందుకు ఒప్పుకున్నావని అడిగితే ఆ పిల్ల చెప్పిన జవాబు ఇది: "మగ్గాల మోతలో నా గొంతు నాకే ఇనపడదు మేడం. ఒక్కసారి నలుగురికీ ఇనపడాల."

అనుమతి ఇవ్వాల్సింది జిల్లా రంగస్థల సమన్వయ సంఘం. దాని కన్వీనరు యోగానంద గారు. అసలు ఉద్యోగం రేషన్ వ్యవహారాలు చూడటం, కళ ఆయనకు అదనపు బాధ్యత.

"పుట్టినచోట నాటకాన్ని ఎవరు ఆపినారో, వాళ్ల దగ్గర అభ్యంతరం లేదని పత్రం తేవాలమ్మా" అన్నారాయన.

"ఆ కచేరీని ఎత్తేసినారు సార్."

"అట్లయితే ఎత్తేసినట్టు ఆ కచేరీ నుంచే రాయించుకు రండి."

నజ్మా ఆ పత్రం కోసం తిరుగుతుండగా ఆయన నాటకం చదివారు. చదివి కలవరపడ్డారు.

"ఈయమ్మ చేసేది నేరం గదా? లేని మనిషి పేరు మీద సరుకులు తీసుకుంటా ఉండాది!"

"అదే కథ సార్."

"కథ ఉండనీండి. ఇనస్పెక్టరు రాంగానే కార్డు సరెండర్ చేసేస్తే సరిపోతుంది."

"అప్పుడు నాటకం అయిదు నిమిషాల్లో అయిపోతుంది సార్."

"మంచిదే గదా. మిగిలిన టైము ఉపన్యాసాలకు పనికొస్తుంది."

ఆయన చెప్పినట్టే నాటకాన్ని కోసేసరికి, లండన్ పత్రం అక్కర్లేకుండానే అనుమతి వచ్చింది. షరతు ఇంకొక్కటే. శాఖ గౌరవాన్ని నటుల చేతుల్లో పెట్టరాదు గనక ఇనస్పెక్టరు వేషం యోగానంద గారే వేస్తారు. (కోటు, టోపీ అప్పటికే కుట్టించారు.)

నజ్మాకు ఏడుపొచ్చింది. నాటకం మానుకుందామంది. చౌడేశ్వరి ఒప్పుకోలేదు. "నోరు తెరిస్తే సాలు మేడం" అంది. ఆమెకు మిగిలిన డైలాగు ఒక్కటే: "ఇదిగోండి సార్ కార్డు."

ఆదివారం కల్యాణ మండపం నిండింది. ఉపన్యాసాలన్నీ అయ్యాక తెర లేచింది. కోటు, టోపీతో యోగానంద గారు వచ్చి తలుపు తట్టారు.

"కార్డు ఇవ్వమ్మా."

చౌడేశ్వరి కార్డు తీసింది. ఇవ్వలేదు. గుండెకు హత్తుకుంది.

"ఇచ్చేస్తాను సార్. రేపు ఆయన వచ్చి తలుపు తడితే, నువ్వు లెక్కలో లేవు పో అని చెప్పడానికి మీరొస్తారా?"

కొట్టేసిన డైలాగు అది. ఆఖరి వరసదాకా వినిపించింది. యోగానంద గారి కాగితంలో దీనికి జవాబు లేదు. కాబట్టి అనుభవంలోంచి చెప్పారు.

"సర్వర్ డౌన్. రేపు రామ్మా."

మండపం దద్దరిల్లింది. లండన్‌లో చప్పట్లకు ఏళ్లు పట్టింది, చిత్తూరులో ఒక్క క్షణం పట్టలేదు. చౌడేశ్వరి ఏడుస్తూ నవ్వుతూ దండం పెట్టింది.

ఆ చప్పట్లు ఆగకముందే చెంగమ్మ అనే ఒక ముసలామె మెట్లెక్కి వేదిక మీదికి వచ్చింది. కొంగులోంచి తన రేషన్ కార్డు తీసి ఇనస్పెక్టరు ముందు పెట్టింది.

"నేను సచ్చిపోయినానని పేరు తీసేసినారు సామీ. బతికే ఉండానని రాసి పెట్టు."

యోగానంద గారు గొంతు తగ్గించారు. "ఇది నాటకం అవ్వా. ఈడ కుదరదు. ఆఫీసుకు రా."

"ఆఫీసుకు పోతే, నువ్వు లేవు, నీతో మాట్లాడేదేముండాది అంటారు. ఈడైతే కనపడతాండాను గదా, అందుకే వచ్చినా."

యోగానంద గారు తెర దించమన్నారు.