పడవ కారు మేలా, మా ఏడు సీట్ల బండి మేలా?

పడవంత పొడుగుండే పాతకాలపు పడవ కారును చూసి లొట్టలేసే పెద్దమనుషులారా, మిమ్మల్ని చూస్తే నాకు జాలేస్తుంది! మా ఏడు సీట్ల ఫ్యామిలీ బండి ముందు మీ పడవ కారు ఎందుకూ పనికిరాదని ఈరోజు నిరూపిస్తాను. మా వంశంలో మొదటి డిగ్రీ నాది. ఆధారం లేకుండా మాట్లాడను.

మా నాయన మునిరామయ్య చిత్తూరులో ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఓనరు దగ్గర ముప్పై ఏండ్లు డ్రైవరు. ఆ ఓనరు పడవ కారుకు తోలు సీట్లు, కిటికీలకు కర్టెన్లు. నాయన తోలుతుంటే వెనక ఓనరు చేతిలో మజ్జిగ గ్లాసు తొణికేది కాదంట. కానీ అంత పెద్ద సోఫాలో కూర్చునేది ఎందరు? ఒక్క ఓనరు! ఎంత దుబారా!

మా బండి చూడండి. మొన్న మా చెల్లెలి కొడుక్కి పుట్టువెంట్రుకలు తీయించడానికి పాకాల నుంచి తిరుమల కొండకు పోయినాము. ఏడు సీట్లు, పదకొండుమంది! ఒళ్లో పిల్లల్ని లెక్కలో వేయలేదు. ఆ కారులో ఓనరు కాళ్లు చాపుకునేవాడు. మా బండిలో ఏ కాలు ఎవరిదో దిగితేగానీ తెలియదు. ఇంతకన్నా ఐకమత్యం యాడుంది? ఆ కారులో ఇంజను చప్పుడు వినపడేది కాదంట. మా బండిలోనూ వినపడదు, మా మేనత్త కుప్పమ్మ మాట్లాడుతూనే ఉంటుంది కాబట్టి! ఇక ఏసీ అంటారా, పాకాలలో వేస్తే చంద్రగిరి దాటేలోపల ఆఖరి వరుసకు కూడా చేరుతుంది.

సీట్ల పంపకం కూడా పక్కా. ఘాట్‌రోడ్డులో వాంతులొచ్చేవాళ్లకు ముందు సీటు. మా ఇంట్లో అదే రాజ్యాంగం. నేను తాళం చెవి వెతికేలోపలే అత్త చేతిలో నిమ్మకాయతో అందులో కూర్చునేసి ఉంటుంది. చంటిబిడ్డల తల్లులకు మధ్య వరుస. ఏ బాధా లేనివాళ్లకు ఆఖరి వరుస.

మా నాయనకు ఏ బాధా లేదు.

అసలీ బండి కొన్నదే ఆయన కోసం. ముప్పై ఏండ్లు ఇంకొకరిని కూర్చోబెట్టి తోలిన మనిషిని, నేను దొరలా కూర్చోబెట్టి తోలాలని! ఇప్పుడాయన మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని, ఒళ్లో పులిహోర డబ్బాతో వెనకాల కూర్చుంటాడు. అలిపిరిలో తనిఖీకి అందరూ దిగాలి కదా, దిగడంలో ఆయన ఆఖరు, ఎక్కడంలో మొదలు. పడవ కారులో ఇంత వ్యాయామం దొరుకుతుందా?

కొండ మీద దిగినాక నాయన్నే అడిగేసినాను, మీ ఓనరు కారు మేలా, మన బండి మేలా అని.

పంచె దులుపుకుంటా "మనదే మేలప్పా" అన్నాడు. నాలుగడుగులు వేసి, "ఆ కార్లో నేను ముందర కూసునేవాణ్ణి, అంతే" అన్నాడు.

అత్తను వెనక్కి పొమ్మనే ధైర్యం నా డిగ్రీ ఇవ్వలేదు. కాబట్టి మా బండే గొప్పదని మళ్లీ మనవి చేస్తున్నాను!

వచ్చే శనివారం ఇంకోసారి కొండకు ప్రయాణం. నిన్న నాయన నన్ను పెరట్లోకి పిలిచి, అటూ ఇటూ చూసి గొంతు తగ్గించినాడు.

"ఘాట్‌రోడ్డులో నాకూ కడుపులో తిప్పుతాదని మీ అత్తకు చెప్పు."

మజ్జిగ తొణక్కుండా ముప్పై ఏండ్లు తోలిన మనిషి! నేను నోరు తెరిచేలోపల జేబులోంచి నిమ్మకాయ తీసి చూపించినాడు.