ఆరోగ్యశాఖ వారి మోకాళ్ళు

పురుషుడి శరీరంలో సిగ్గుపడవలసిన అవయవం ఏదీ లేదని ఆరోగ్యశాఖ ఆ రోజు ఉదయం అధికారికంగా నిర్ణయించింది. ఆ సత్యాన్ని ఊరూరా చాటిన చిన్న పుస్తకానికి ఉత్తమ ప్రచార గ్రంథంగా బహుమతి ఇస్తున్నారు. సభ మర్నాడే. రాసింది శాఖలోని ప్రచారాధికారి. పుస్తకానికి ముందుమాట రాసిన, సభకు అధ్యక్షత వహించబోయే డైరెక్టరుగారే ఫోను చేసి చెప్పారు. ఆ ఫోను అందుకున్నది ప్రచారాధికారికి కొత్తగా వచ్చిన భార్య.

ఆమెకు సంతోషించడానికి పెద్ద కారణాలు అక్కర్లేదు. ఇద్దరి టూత్ బ్రష్షులూ ఒకే గ్లాసులో కనిపిస్తే చాలు, పొద్దంతా నవ్వుకుంటుంది. అలాంటిది ఏకంగా బహుమతి! పరుగెత్తుకెళ్ళి, పేపరు చదువుకుంటున్న భర్త ఒళ్ళో ధబాలున కూర్చుంది.

ప్రచారాధికారి ముఖం సున్నం కొట్టినట్టు తెల్లబోయింది.

"ఏమైందండీ?"

"ఏం లేదు. మోకాలు."

"నేను మోకాలి మీద కూర్చోలేదే."

ఆయన పేపరు వంక చూశాడు. పెళ్ళయినప్పటి నుంచీ పడకగదిలో దీపం వెలగనివ్వకపోతే, అదంతా బిడియమనుకుని ఆమె మురిసిపోయింది. ఇప్పుడు ఆ మురిపెం మీద అనుమానం వచ్చింది. గుచ్చి గుచ్చి అడిగితే, ఎడమవైపు వృషణం దగ్గర వాచిందనీ, పెళ్ళికి ముందునుంచే ఉందనీ గోడతో చెప్పుకున్నట్టు చెప్పాడు.

ఆమె లోపలికి వెళ్ళి బహుమతి పుస్తకం తెచ్చి చదవడం మొదలుపెట్టింది. "వాపు కనిపిస్తే, నొప్పి లేకపోయినా సరే, వెంటనే వైద్యుడికి చూపించుకోండి. ఉన్నట్టుండి భరించలేని నొప్పి వస్తే తెల్లారేదాకా ఆగకండి. ముందుచర్మం వెనక్కి రాకపోతే బలవంతంగా లాగకండి..."

"చక్కగా చదువుతున్నావు. కానీ అది ప్రజల కోసం రాసింది."

"మీరు ప్రజలు కారా?"

"నేను శాఖని."

ఆమె తరవాతి వాక్యం చదివి ఆగిపోయింది. గట్టి గడ్డలా తగిలితే అది కేన్సర్ కావచ్చు, ఆలస్యం చేయకండి అని ఉంది.

"మీకు గట్టిగా ఉందా, మెత్తగా ఉందా?"

"ముట్టుకుని చూడలేదు."

"నెలకోసారి తడిమి చూసుకోమని మీరేగా రాశారు?"

"అదీ ప్రజలకే."

ఆమె పుస్తకం మూసేసింది. సాయంత్రానికల్లా ఆయన్ని డాక్టరు ముందు కూర్చోబెట్టింది.

"నాకో స్నేహితుడున్నాడండీ," అని మొదలుపెట్టాడు ప్రచారాధికారి. "అతనికి కాస్త కింది భాగంలో..."

డాక్టరు చేతులు కడుక్కుంటూ, "మీ స్నేహితుణ్ణి ఆ బల్ల మీద పడుకోమనండి," అన్నాడు.

ఆమె తెర ఇవతల నిలబడింది. గదిలో లైటు ఆరింది. లోపల టార్చి నొక్కిన చప్పుడు.

"టార్చి ఆనిస్తే వాపంతా ఎర్రగా వెలుగుతోంది," అన్నాడు డాక్టరు. "గడ్డయితే వెలుతురు ఇవతలికి రాదు. ఎందుకైనా మంచిది, స్కాను కూడా తీయిద్దాం."

పక్కగదిలో స్కానూ అదే చెప్పింది. వృషణం నిక్షేపంగా ఉంది, చుట్టూ నీరు చేరింది. వరిబీజం. చిన్న ఆపరేషన్‌తో పోతుంది. తొందరేం లేదు గానీ రేపు పొద్దున ఖాళీ ఉంది, లేదంటే మళ్ళీ వచ్చే నెలే అన్నాడు డాక్టరు. "రేపే," అంది ఆమె, కళ్ళు తుడుచుకుంటూ, నవ్వుతూ.

"రేపు సభ," అన్నాడు ఆయన. ఎవరూ వినిపించుకోలేదు.

బయట రోగులు కూర్చునే గదిలో డైరెక్టరుగారు ముఖానికి పేపరు అడ్డం పెట్టుకుని ఉన్నారు. తప్పించుకునే దారి ఇద్దరికీ లేకపోయింది.

"మీరేమిటిలా?"

"మోకాలు, సార్."

"నాదీ మోకాలే," అన్నారు డైరెక్టరుగారు. గోడనిండా వేలాడుతున్న బొమ్మల్లో ఒక్క మోకాలూ లేదు.

ఆమెకు ఇక ఉండబట్టలేదు. "వరిబీజమండీ. రేపు పొద్దున ఆపరేషన్. సభకి రాలేరు."

ప్రచారాధికారి తల దించుకున్నాడు. డైరెక్టరుగారు మాత్రం కోప్పడలేదు. పేపరు మడిచి, ఆమె వైపు వంగి, గొంతు తగ్గించారు.

"లైటు వేసి చూశారామ్మా? వెలిగితే మంచిదా, వెలగకపోతే మంచిదా?"

"వెలిగితే నీళ్ళేనటండి. స్కాను కూడా తీస్తారు, భయపడకండి."

"ఇంత ముఖ్యమైన సంగతి పుస్తకంలో లేకపోవడమేమిటయ్యా?"

"రాశాను సార్. అసభ్యంగా ఉందని తమరే కొట్టేశారు."

అంతలో లోపల్నుంచి డైరెక్టరుగారికి పిలుపు వచ్చింది. చాలాసేపటికి ఆయన తిరిగి వచ్చినప్పుడు ముఖం కళకళలాడుతోంది.

"నాకూ నీళ్ళే. రేపు మీ తరవాత నాకే చేస్తారట."

"మరి సభ, సార్?"

"అధ్యక్షుడూ లేక, సన్మానం పొందేవాడూ లేక సభేమిటి? వాయిదా వేద్దాం. ఇప్పుడే వెళ్ళి పత్రికలకి ప్రకటన ఇచ్చేసి, రేపు పొద్దున్నే ఆసుపత్రికి రండి."

"కారణం ఏమని రాయమంటారు, సార్?"

డైరెక్టరుగారు ఒక్క క్షణం కూడా తడుముకోలేదు.

"మోకాళ్ళు అని రాయండి."