ఇరవై నాలుగు బిస్కెట్లలో ముప్పావు వంతు

పిల్లల హోంవర్క్‌ని తిట్టేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట! అందులోనూ భిన్నాల హోంవర్క్‌ని తిడితే అసలు ఊరుకోను. అది పిల్లలకి శిక్ష కాదు మహాశయులారా, పెద్దలకి వరం. ఇంటిల్లిపాదినీ ఒక్క టేబుల్ చుట్టూ కూర్చోబెట్టి, ఒకరి మీద ఒకరు అరుచుకునేలా చేయగల శక్తి ఏ టీవీ సీరియల్‌కి ఉందో చెప్పండి?

మా అమ్మాయి నాలుగో తరగతి. సోమవారం బడి నుంచి ఒక షీట్ తెచ్చింది. అయిదు లెక్కలు, ఒక్కోదానికి రెండు మార్కులు. అయిదో లెక్క మాత్రం 'మీ నిత్యజీవితంలోంచి' సొంతంగా తయారుచేయాలట. అన్నీ 'ఇంట్లో పెద్దల సహాయంతో' చేసి, పెద్దల సంతకంతో శుక్రవారం ఇవ్వాలి. పదికి ఆరు రాకపోతే ఎ సెక్షన్ నుంచి డి సెక్షన్‌కి మార్చేస్తారు. ఒకటో తరగతి నుంచీ పక్కన కూర్చుంటున్న స్నేహితురాలేమో ఎ లోనే ఉండిపోతుంది. అదీ మా అమ్మాయి దిగులు. ఆ దిగులుతో పెన్సిల్ వెనకభాగం సగం నమిలేసింది.

మొదటి లెక్క: ఇరవై నాలుగులో నాలుగింట మూడు వంతులు ఎంత?

"క్లాసులో చెప్పలేదా?" అని అడిగాను.

"చెప్పారు నాన్నా. ఒక్కొక్కళ్ళ నోట్‌బుక్ చూస్తూ వచ్చారు. నా దాకా వచ్చేసరికి బెల్ కొట్టేశారు."

చూశారా, ఎంత గొప్ప ఏర్పాటో! బడిలోనే అర్థమైపోతే ఇంట్లో నాకు పనేముంటుంది? ఆఫీసు నుంచి వచ్చి, కాలు మీద కాలేసుకుని, హాయిగా కూర్చుని చెడిపోయేవాణ్ణి.

పాఠం చెప్పమంటే నాకు పూనకం వస్తుంది. రెండు బిస్కెట్ ప్యాకెట్లు విప్పి, ఇరవై నాలుగు లెక్కపెట్టి టేబుల్ మీద పరిచాను. ఒక్కో బిస్కెట్‌నీ నాలుగు ముక్కలు చేసి, మూడు ముక్కలు ఇటు, ఒక ముక్క అటు పెట్టాను. గంట పట్టింది. మా అమ్మాయి ఇటువైపు ముక్కలన్నీ ఓపిగ్గా లెక్కపెట్టింది.

"డెబ్బై రెండు. ఉన్నవే ఇరవై నాలుగు కదా నాన్నా? అందులో కొన్ని తీస్తే డెబ్బై రెండు ఎలా వచ్చాయి?"

అంతలో, నర్సు డ్యూటీ నుంచి అప్పుడే వచ్చిన మా ఆవిడ గుమ్మంలో నిలబడి టేబుల్ వైపు చూసింది. "ముందు ఆ పొడి ఊడ్చండి. చీమలు ఎవరి వాటా వాళ్ళు పట్టుకెళ్ళిపోతున్నాయి," అని లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు మా తమ్ముడు రంగంలోకి దిగాడు. వాడు వడ్రంగి. "బిస్కెట్లేమిటి అన్నయ్యా, నీ మొహం! ఇలాంటివి చెక్కతో చెప్పాలి," అని ఇరవై నాలుగు అంగుళాల చెక్క తెచ్చి గీతలు గీశాడు. "నాలుగు భాగాలు చేస్తే ఒక్కోటీ ఆరు. మూడు ఆర్లు పద్దెనిమిది. అంతే తల్లీ!"

నిజం చెప్పొద్దూ, పిల్ల మొహం వెలిగింది. అక్కడితో ఆగితే వాడు మా తమ్ముడెందుకవుతాడు?

"కానీ రంపం కొంత తినేస్తుంది కదా. అందుకని పద్దెనిమిదికి నూలు తక్కువ అని రాయి."

నూలు అంటే వడ్రంగుల కొలతలో అంగుళంలో ఎనిమిదో వంతు. పిల్ల అలాగే రాసేసింది! చెరిపెయ్యమని నేను, చెరపొద్దని వాడు. మాటా మాటా పెరిగి, చిన్నప్పుడు నా సైకిల్ విరగ్గొట్టింది తనేనని కూడా వాడు ఒప్పుకున్నాడు. భిన్నాలు లేకపోతే ఆ నిజం ఈ జన్మలో బయటికొచ్చేదా?

ఈ గోలకి మా అమ్మ లేచి వచ్చింది. అన్నదమ్ములిద్దర్నీ పక్కకి జరగమని పిల్ల పక్కన కూర్చుంది.

"ఏమే, ముప్పావు గంటంటే ఎన్ని నిమిషాలు?"

"నలభై అయిదు నానమ్మా."

"ఎలా తెలుసు?"

"గంటలో పావు పదిహేను. మూడు పదిహేన్లు నలభై అయిదు."

"మరి ఇదీ అదేనే! గంట బదులు ఇరవై నాలుగు. కానీయ్."

పిల్ల 'నూలు తక్కువ' చెరిపేసింది. ఇదంతా అర నిమిషంలో అయిపోయింది. ఇది చాలా ప్రమాదకరమైన పద్ధతి అని నా అభిప్రాయం. ఇంత తొందరగా అర్థమైపోతే కుటుంబ ఐక్యత ఏం కావాలి?

మిగతా మూడు లెక్కలూ చకచకా చేసేసింది. అయిదోది కూడా తనే రాసుకుని, సంతకానికి మాత్రం నన్ను పిలిచింది. చదివాను.

"మా లెక్కల పీరియడ్ నలభై నిమిషాలు. అందులో పావు వంతు హాజరుకి పోతుంది. మిగిలిన టైమ్‌ని మా క్లాసులో అరవై మందీ సమానంగా పంచుకుంటే, నా వాటా ఎంత? జవాబు: నలభైలో పావు, పది. మిగిలింది ముప్పై నిమిషాలు, అంటే పద్దెనిమిది వందల సెకన్లు. అందులో అరవయ్యో వంతు, ముప్పై సెకన్లు."

నాకు కంగారు పుట్టింది. "ఇదేం లెక్కే? టీచరమ్మ ఏమనుకుంటారు? పూలు, పళ్ళు, గోళీలు ఏవీ దొరకలేదా?"

"నిత్యజీవితంలోంచే రాయమన్నారు నాన్నా. తప్పా?"

క్యాలిక్యులేటర్ తీసి రెండుసార్లు చూశాను. తప్పు కాదు. తప్పయితే బాగుండునని మనసులో ఎంత కోరుకున్నానో! సంతకం పెట్టేశాను.

తర్వాతి సోమవారం షీట్ తిరిగొచ్చింది. పదికి తొమ్మిది! సెక్షన్ మారలేదు. మా అమ్మాయీ, ఆ స్నేహితురాలూ వీధిలోంచే కేకలు పెట్టుకుంటూ వచ్చారు.

పోయిన ఆ ఒక్క మార్కూ అయిదో లెక్కలో పోయింది. దాని కింద టీచరమ్మ ఎర్ర ఇంకుతో గుండ్రటి అక్షరాల్లో రాశారు: "పద్ధతి కరెక్టే తల్లీ. కానీ ఆఫీసు నుంచి వచ్చే సర్క్యులర్లకి ఇంకో పావు వంతు పోతుంది. అది నువ్వు కలపలేదు. మళ్ళీ చెయ్యి."

మా అమ్మాయి పెన్సిల్ కూడా తియ్యలేదు. "ఇరవై సెకన్లు," అనేసి ఆడుకోవడానికి పరిగెత్తింది.

కాబట్టి మహాశయులారా, ఎవరూ బెంగపడకండి. మా అమ్మాయికి భిన్నాలు వచ్చేశాయి. ఇక రావలసింది ఆ ఇరవై సెకన్లే!