ఇప్పలగుంపు విమానాశ్రయం

అది 2006, ఆగస్టు పదిహేను. జెండా వందనమయ్యాక అందరూ బూందీ, కారప్పూస తిన్నారు. చేతులు కడుక్కునేలోపే ఇప్పలగుంపుకు విమానాశ్రయం వచ్చింది.

చర్ల దాటి, అడవిలో వాగు అవతల ఉన్న ఆ ఊరికి అది ఊరికే రాలేదు. రిటైరైన బడిపంతులు యేసుదానం ఒక జీపు అడిగాడు. భార్య పోయిన మనిషి. కూతురు బ్లెస్సీ పురిటికొచ్చి ఉంది, నెలలు నిండాయి. వానాకాలం ఒక జీపు ఊళ్లో ఉంటే చాలన్నాడు. దవాఖానాకు గంటకు మించి ప్రయాణం ఉన్న ఊళ్లకు జీపు ఇవ్వాలని దూర నిర్ధారణ విభాగం నియమం. కాబట్టి అధికారి రామ్‌చందర్ గారు కొత్త కంప్యూటరుతో సహా విచ్చేశారు.

ఆ కంప్యూటరు గొప్పది. హైదరాబాదు నుంచి లండన్‌కు ఎంత దూరమో, ఎన్ని గంటలో చిటికెలో చెబుతుంది. కాకపోతే రెండు విమానాశ్రయాల పేర్లు ఇవ్వనిదే నోరు తెరవదు. కార్యదక్షులైన రామ్‌చందర్ గారు ఊరి కల్లాన్ని ఒక విమానాశ్రయంగా, భద్రాచలం దవాఖానా ఆవరణను ఇంకొకటిగా నమోదు చేశారు. ప్రయాణ కాలం నాలుగు నిమిషాలని తేలింది.

"లండన్‌వాళ్లకు కూడా దవాఖానా ఇంత దగ్గర లేదు. ఇంక మీకు జీపెందుకు?" అని ఆయన ఉపన్యసించారు.

"సార్, వాగొస్తే మంచం మీద మోసుకపోవుడే మాకు," అన్నాడు యేసుదానం.

"మరి ఇమానం ఏది సారూ?" అని గొడ్లు కాసే మంగయ్య అడిగాడు.

"విమానం వేరే శాఖ."

సమాధానం సమంజసంగా ఉంది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆనాటి నుంచి కల్లంలో గొడ్లను కట్టరాదని ఉత్తర్వు కూడా వచ్చింది.

పదిరోజులకు బ్లెస్సీకి నొప్పులు మొదలయ్యాయి. నలుగురు మంచం ఎత్తుకుని విమానాశ్రయం మీదుగానే నడిచారు. వాగు పొంగుతోంది. ఒడ్డునే, టార్పాలిన్ పట్టా కింద, మంత్రసాని ఉప్పలమ్మ పురుడు పోసింది. ఆ కాసేపూ వాన తెరిపిచ్చింది. తల్లీ బిడ్డా క్షేమం. యేసుదానం ఆకాశం వైపు చూసి దండం పెట్టాడు.

జనన ధ్రువపత్రంలో పుట్టిన స్థలం రాసే దగ్గర చిక్కొచ్చింది. కంప్యూటరులో రెండు విమానాశ్రయాల మధ్య వాగు లేదు, గాలే ఉంది. అందువల్ల బిడ్డ విమానంలో పుట్టినట్టు విభాగం ధ్రువీకరించింది. పేపర్లు ఫొటో వేశాయి. ఖమ్మంలో చదువుకున్న పెద్దలు సభ పెట్టి, తాతకు శాలువా కప్పారు.

యేసుదానం మైకు ముందుకొచ్చి, "అయ్యా, ఆ జీపు..." అన్నాడు.

"గింత మంచి సభల గిప్పుడదేంది మాస్టారూ!" అన్నారు ముందువరసవాళ్లు. ఆయన మొహమాటపడి, తనూ చప్పట్లు కొట్టాడు.

ఊరు చేరేసరికి పొద్దుగూకింది. పక్కింటి అరుణశ్రీ గుమ్మం దగ్గర నిలబడి ఉంది. ఏడో నెల.

"జీపు అడిగినవా సారూ?"

"శాలువా ఇచ్చిండ్రు బిడ్డా."

ఆ పిల్ల శాలువా అంచు వేళ్లతో నలిపి చూసింది. "మెత్తగుంది. మంచం మీద పరిస్తే నడుముకు ఒత్తుకోదు."

యేసుదానం శాలువా మడిచి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె వాళ్లింట్లోకి వెళ్లేదాకా చూసి, చప్పుడు కాకుండా తలుపు వేసుకున్నాడు.