పట్టాభిషేకానికి క్యూ

మానవజాతి కనిపెట్టినవాటిలో నిప్పూ చక్రమూ కొంతమేరకు ఉపయోగకరమైనవేననీ, అన్నింటిలోకీ గొప్పది మాత్రం క్యూ అనీ ఇంగ్లండు దేశం ఏనాడో తేల్చేసింది. దీనిమీద అప్పీలు లేదు. (చేసుకోదలచినవారు క్యూలో నిలబడవలెను.)

అటువంటి దేశంలో, లాంకషైర్ అనే వానల సీమలో, థార్న్‌బెక్ ప్రాథమిక పాఠశాలవారు పదేళ్ళ పిల్లల్ని యూరప్ తీసుకెళ్ళాలని తీర్మానించారు. ఆర్డెల్‌మార్క్ అనే బుల్లి రాజ్యంలో ముసలి రాజు మోకాళ్ళ నొప్పులని చెప్పి కిరీటం కొడుక్కి అప్పజెప్పేస్తున్నాడు. ఆ పట్టాభిషేకం పిల్లలు కళ్ళారా చూడాలి. ఆ రాజ్యం పటంలో ఎక్కడుందో హెడ్మాస్టరుగారికీ తెలియదు. కానీ "ప్రపంచ పౌరసత్వం" అనే తనిఖీ ఫారంలోని గడి నిండాలంటే సముద్రం దాటక తప్పదని తనిఖీకి వచ్చినవాళ్ళు చెప్పి వెళ్ళారాయె.

ఇంత పెద్ద వ్యవహారంలో నిజంగా మనసు పెట్టుకున్నది ఒక్కతే, టిల్లీ ఎంట్విసిల్. దాని అసలు పేరు మటిల్డా. కొత్త రాజుగారి కూతురి పేరూ మటిల్డాయే, దానికీ పదేళ్ళే. చలికాలమంతా టిల్లీ వంటింట్లో మోకాలు వంచి వందనం చెయ్యడం సాధన చేసి, రెండు గిన్నెలు పగలగొట్టింది.

"పేరు కలిసింది, వయసు కలిసింది. నేను చెయ్యి ఊపితే తనూ ఊపుతుంది కదా నానమ్మా?"

"ఊపక ఏం చేస్తుందే? ఆ మాత్రం నేర్పకుండానే పెంచారేమిటి దాన్ని?" అంది నానమ్మ ఐవీ. ఇక మిగిలింది వరస కలవడమేనని నవ్వుకుంది కూడా.

ఐవీ పిల్లలకు తోడుగా బయల్దేరింది. ఊరందరికీ చేపలూ చిప్సూ వేయించి పెట్టిన ఈ మనిషి వల్ల పిల్లలకు ప్రమాదం లేదని పోలీసులు రూలు ప్రకారం నెలల తరబడి విచారించి, మనస్ఫూర్తిగా కాకపోయినా, నమ్మారు. ఆపైన జిల్లా విహారయాత్రల అపాయ నిర్ధారణాధికారి క్విల్టర్‌గారు రాజును చూడటం వలన కలుగు అపాయాలు తేల్చారు. ఉత్సాహం: మధ్యస్థ అపాయం. కర్ర ఉన్న జెండా: తీవ్ర అపాయం. కర్ర లేని జెండాను జెండా అనవచ్చునా అన్నది పరిశీలనలో ఉంది. పరుగెత్తరాదు. వరస తప్పరాదు. (రాజు కనిపించి తీరాలని మాత్రం ఎక్కడా రాయలేదు. అది అపాయం కాదు కదా.)

పచ్చగా మెరిసే చొక్కాలు తొడుక్కుని పిల్లలు ఆర్డెల్‌మార్క్ కోట ముందు బస్సు దిగేసరికి, ఆ ఊరి జనం మైదానం నిండా ఎవరికి తోచిన చోట వాళ్ళు నిలబడి ఉన్నారు. కొందరు పిల్లల్ని భుజాలకెత్తుకున్నారు. ఒకాయన దీపస్తంభం ఎక్కాడు. మిసెస్ ఆష్‌వర్త్ టీచరుగారి ముఖం పాలిపోయింది.

"క్యూ ఏదీ?" అందావిడ.

"లేదేమో టీచరుగారూ," అంది ఐవీ.

"లేకపోవడమేమిటి ఐవీగారూ? రాజు ఉన్నాడా లేదా?"

అందరూ వెతకగా వెతకగా కోట మలుపు దాటాక, ఒక గోడ పక్కన టోపీ పెట్టుకున్న పెద్దాయన కుక్కతో నిలబడి కనిపించాడు.

"క్యూ చివర ఇదేనా అండీ?" అని అడిగింది టీచరు ఇంగ్లీషులో.

ఆయనకు ఇంగ్లీషు రాదు. మర్యాదకు నవ్వాడు. మిసెస్ ఆష్‌వర్త్ ఊపిరి పీల్చుకుని పిల్లల్ని జంటలుగా ఆయన వెనక నిలబెట్టేసింది.

కాసేపటికి ఇంగ్లీషు దంపతులెవరో వచ్చి వాళ్ళ వెనక చేరారు. ఆ వెనక ఇంకొందరు.

"ఇది దేనికండీ?" అని అడిగాడు ఒకాయన.

"తెలీదు. కానీ చాలా పద్ధతిగా ఉంది," అంది ముందున్నావిడ.

అది విని ఆయన కూడా నిలబడ్డాడు.

ఇంతలో గంటలు మోగాయి. మలుపు అవతల జనం ఒక్క పెట్టున అరిచారు. భుజాన బిడ్డతో అటు పరుగెడుతున్న ఒకామె ఆగి, "రండి, రండి! మేడమీద! చిన్న మటిల్డా! చేతులు ఊపుతోంది!" అంది వచ్చీరాని ఇంగ్లీషులో.

"చాలా సంతోషమమ్మా. మేం మా వంతు కోసం చూస్తున్నాం," అంది మిసెస్ ఆష్‌వర్త్, ఇలాంటి తోపులాట మనుషులతో మాటలేమిటన్నట్టు.

టిల్లీ ఐవీ చెయ్యి గుంజింది. "నానమ్మా, మలుపు దాకా వెళ్ళొద్దాం. చూసి వచ్చేద్దాం. ఒక్కసారి!"

మలుపు ఎంతో దూరం లేదు. ఐవీ కాలు ఒకటి అటు పడింది కూడా. అప్పుడు వెనక్కి తిరిగి చూసింది. అంతమంది ఆ కాలినే చూస్తున్నారు. ఒకాయన చిన్నగా దగ్గాడు. ఇంగ్లండులో అంతకు మించిన తిట్టు లేదు. ఐవీ కాలు వెనక్కి తీసుకుంది.

"మన చోటు పోతుందే తల్లీ," అంది.

"ఏ చోటు నానమ్మా?"

ఐవీ దాని చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఆ తర్వాత గోడలోని చిన్న తలుపు తెరుచుకుంది. అది ఆడవాళ్ళ మరుగుదొడ్డి. లోపల్నించి పెద్దాయన భార్య వచ్చింది. ఇద్దరూ కుక్కను తీసుకుని వెళ్ళిపోయారు.

"పిల్లలూ!" మిసెస్ ఆష్‌వర్త్ గొంతు ఆనందంతో వణికింది. "ఇప్పుడు మొదటి స్థానం మనదే!"

పిల్లలు పద్ధతిగా చప్పట్లు కొట్టారు. అవతల అరుపులు ఆగిపోయాయి. జెండాలు ఊపుకుంటూ జనం క్యూ పక్కనుంచే ఇళ్ళకు వెళ్ళిపోయారు. టిల్లీ ఎవరూ చెప్పకుండానే, ఆ గోడకు మోకాలు వంచి ఒక వందనం చేసింది. గిన్నెలు లేవు కాబట్టి ఏమీ పగల్లేదు.

యాత్ర దిగ్విజయంగా ముగిసిందనీ, ఒక్క విద్యార్థీ ఉత్సాహానికి లోనుకాలేదనీ క్విల్టర్‌గారు ప్రకటించారు. పిల్లల ప్రవర్తన చూసి విదేశీయులు ముగ్ధులయ్యారని పాఠశాల పత్రికలో పడింది.

ఇంటికొచ్చాక టిల్లీ వాళ్ళమ్మ ఆత్రంగా అడిగింది: "దగ్గర్నించే చూశావా బంగారం? ముందు పెద్దవాళ్ళెవరూ అడ్డం నిలబడలేదు కదా?"

టిల్లీ నానమ్మ వైపు చూసింది. ఐవీ టీ కప్పులోకి చూసుకుంటోంది.

"లేదమ్మా," అంది టిల్లీ. "మా ముందు ఒక్కళ్ళు కూడా లేరు."