నమూనా ప్రమాదంలో అసలు కాలు

ప్రజలకు తెలియజేయునది ఏమనగా, మొన్న సోమవారం ఉదయం ఖమ్మం పట్టణంలోని రద్దీ వీధుల్లో ఒకదానిలో, ప్రమాదం జరిగితే పోలీసులు ఎంత చురుగ్గా స్పందిస్తారో చూపించే నమూనా ప్రదర్శన దిగ్విజయంగా ముగిసింది. అదే వీధిలో అదే సమయానికి ఒక ప్రమాదం కూడా జరిగింది గానీ, దానివల్ల కార్యక్రమానికి ఎలాంటి అంతరాయమూ కలగలేదు. వీధి పేరు చెప్పడం లేదు. చెబితే మిగతా వీధులవాళ్లు మాకేం తక్కువని అలుగుతారు.

ఆ వీధిలో మురుగుకాలువ మీద పరిచిన సిమెంటు పలకల్లో ఒకటి విరిగి చాలాకాలమైంది. వీధివాళ్లు బాధ్యతగల పౌరులు. చూస్తూ ఊరుకోలేదు. కంతలో ఒక వేపకొమ్మ గుచ్చారు. అది ఎండితే ఇంకోటి గుచ్చారు. దసరాకు ఆ కొమ్మకు బంతిపూలు కూడా చుట్టారు. మొక్కలు నాటే పథకాలు ఎన్ని వచ్చి ఎన్ని పోయినా, పట్టణంలో ఇంత శ్రద్ధగా సాగిన పెంపకం ఇంకోటి లేదు. పలక మార్చవచ్చుగా అని మీరు అడగవచ్చు. అడగండి. వాళ్లూ అడిగారు.

అయితే ఆ సోమవారం ప్రదర్శన చూడటానికి పెద్దసారు వస్తున్నారు. పెద్దసారు నడిచే దారిలో ఎండుకొమ్మ ఉంటే ఏం మర్యాద? తెల్లవారగానే సిబ్బంది వచ్చి కొమ్మ పీకేశారు. ఊడ్చారు, నీళ్లు చల్లారు, కంత మీదుగా వేదికదాకా ఎర్ర తివాచీ పరిచారు. కంటికి కనిపించనిది ప్రమాదం కాదు, ప్రమాదాల నివారణలో ఇదే మొదటి మెట్టు.

ఏన్కూరు అవతలి తండా నుంచి భీమ్లా, అతని భార్య సక్రి బోరు మోటారు స్టార్టరు బాగుచేయించుకుందామని అదే పొద్దున దిగారు. రిపేరు దుకాణం ఆ వీధి చివర ఉంది. వీధికి అటూ ఇటూ తాళ్లు కట్టేశారు. నడవడానికి మిగిలిన జాగా తివాచీ ఒక్కటే. సక్రి దానిమీద కాలు పెట్టడానికి జంకి, తాడు కిందినుంచి దూరి పోదామంది.

"వంగుడెందుకే, మనకోసమే పరిచిండ్రు, రా" అని భీమ్లా భుజం మీది స్టార్టరు పెట్టె సర్దుకుని దర్జాగా నాలుగడుగులు వేశాడు.

ఐదో అడుగుకు కుడికాలు తొడదాకా తివాచీతో సహా భూమిలోకి పోయింది. పెట్టె ఎగిరి అవతల పడింది. లోపల ఎముక పుటుక్కుమన్న చప్పుడు సక్రికి వినిపించింది. మిగతావాళ్లకు వినిపించలేదు. అప్పటికే వాళ్లు చప్పట్లు మొదలుపెట్టారు.

వాళ్ల తప్పేమీ లేదు. వేదిక మీద 'అత్యవసర స్పందన, నమూనా ప్రదర్శన' అని ఆరడుగుల బ్యానరు ఉంది. ప్రమాదం చూడటానికే ఇంట్లో పనులు మానుకుని వచ్చారు. ప్రమాదం జరిగింది. చప్పట్లు కొట్టకపోతే వచ్చిన అతిథిని అవమానించినట్టు. మైకు దగ్గర గోపాలు ఉన్నాడు. ఉరుసయినా, ఓట్లయినా, ఎరువుల కంపెనీ సభయినా వ్యాఖ్యానం అతనిదే. అతను గొంతు సవరించుకుని అందుకున్నాడు.

"సోదర సోదరీమణులారా, చూస్తున్నారు కదా. ఏ ఆర్భాటమూ లేకుండా, సామాన్యుడి వేషంలో, ఎంత సహజంగా పడ్డారో. ముఖంలో ఆ బాధ చూడండి. పిల్లలు ముందుకు వచ్చి చూడండి."

పిల్లలు ముందుకు వచ్చి చూశారు.

సక్రి మొగుడి చంకల కింద చేతులు పెట్టి లాగింది. అతను పెట్టిన కేకకు మళ్లీ చప్పట్లు పడ్డాయి. విరిగిన పలక అంచు తొడను కరిచి పట్టుకుంది. పలకను లేపితే తప్ప కాలు రాదు. లేపాలంటే గడ్డపార కావాలి. గడ్డపార ఎదురుగానే ఉంది. వేదిక పక్కన పొడవాటి బల్ల వేసి, దానిమీద గడ్డపారలు, జాకీ, తాళ్లు, స్ట్రెచరు, పలక కోసే మిషను వరసగా పేర్చారు. అన్నింటికీ పసుపు రాసి బొట్లు పెట్టారు. బల్ల చుట్టూ మెరుపుల రిబ్బను కట్టి ముందర ఒక పళ్లెంలో కత్తెర పెట్టారు. కాపలాకు కానిస్టేబుల్ వీరన్నను నిలబెట్టారు.

"అన్నా, మా ఆయన కాలు ఇరికింది. ఆ గడ్డపార జర ఇయ్యి, జల్దీ" అంది సక్రి.

"రిబ్బను కనిపిస్తలేదా అమ్మా? పెద్దసారు వచ్చి కత్తిరించాలె. అప్పటిదాంక నేను గూడ ముట్టరాదు."

"పెద్దసారు ఎప్పుడొస్తడు?"

"బయల్దేరిండట."

ప్రభుత్వంలో ఈ మాటకు అర్థం మీకు తెలుసు. స్నానానికి నీళ్లు తోడుతున్నారని.

ఇంతలో సీఐ బాలకృష్ణ స్వయంగా వచ్చి భీమ్లా చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. ముఖం చూశాడు, కంత చూశాడు, సంతృప్తి పడ్డాడు.

"కేక మంచిగుంది. తిట్లు తగ్గించు, లేడీస్ ఉన్నరు. ఇంతకు నిన్ను ఎవలు పంపిండ్రు, ఏ బ్యాచి?"

"బ్యాచేంది సారూ, మాది తండా. నిజంగనే పడ్డడు. కాలు ఇరిగింది, నేను చప్పుడు ఇన్న" అంది సక్రి.

సీఐ ముఖంలో మొదటిసారి ఆందోళన కనిపించింది. సక్రికి పోయిన ప్రాణం లేచివచ్చింది.

"నిజంగనా? అట్లెట్ల? అసలు ప్రమాదానికి ఇయ్యాల బందోబస్తు లేదమ్మా. ఉన్న ఫోర్సునంత నమూనాకే ఏసినం. ఎవరన్న ఇయ్యాల్నే పడుతరా?"

భీమ్లా తప్పయిందన్నట్టు చూశాడు.

ఎదుటి చెప్పుల దుకాణం సిరాజుద్దీన్ మంచి మనిషి. మెట్ల మీదినుంచి అంతా చూస్తున్నాడు. సక్రి ఆయన దగ్గరికి ఉరికింది. "సేటూ, నీకు పుణ్యముంటది, ఎవలకన్న ఫోన్ కొట్టు."

సిరాజుద్దీన్ క్షణం ఆలస్యం చేయలేదు. వందకు ఫోన్ చేశాడు. అవతలివాళ్లూ క్షణం ఆలస్యం చేయలేదు. వీధి పేరు వినగానే, మా బలగమంతా అక్కడే ఉంది, నిశ్చింతగా ఉండండి అన్నారు. అంబులెన్సుకు చేశాడు. మా బండి కూడా అక్కడే ఉంది, మీకు కనబడుతూ ఉండాలే అన్నారు. కనబడుతూనే ఉంది. డ్రైవరు దానికి మామిడాకులు కడుతున్నాడు.

"చూసినవా బిడ్డా, అందరు ఈడ్నే ఉన్నరు. గింత అదృష్టం ఎవలకుంటది" అని సిరాజుద్దీన్ నిజంగానే సంతోషపడ్డాడు. "ఆయన కుడిచెప్పు కాల్వల పోయినట్టుంది. ఏం సైజు?"

జనం కూడా చేతులు ముడుచుకుని నిలబడలేదు. ఆ మాట ఎవరన్నా అంటే పచ్చి అబద్ధం. ఒక్కరి చేతులూ ఖాళీగా లేవు, అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి. ఒక పెద్దమనిషి వంగి భీమ్లాకు ధైర్యం చెప్పాడు. అది సెల్ఫీలో బాగా రాలేదని మళ్లీ చెప్పాడు. కాలేజీ పిల్ల సోని చాలా మర్యాదగా, "అక్కా, కొంచెం పక్కకు జరుగవా, ఫ్రేముల అడ్డమొస్తున్నవ్" అంది. సక్రి నీళ్లడిగింది. ఆ పిల్ల నీళ్ల సీసా ఇచ్చి, భీమ్లాకు తాగిస్తుండగా వీడియో తీసింది.

సీఐ మాత్రం ఆలోచిస్తున్నాడు. పెద్దసారు వచ్చే తివాచీ మధ్యలో అసలు బాధితుడు ఉండకూడదు. నమూనా బాధితుడైతే ఎంతసేపైనా ఉండవచ్చు. నిర్ణయం వెంటనే తీసుకున్నాడు. అధికారి అంటే అట్లా ఉండాలి. ఆ రోజుకు నియమించిన బాధితుడు అనిల్‌కుమార్ అనే కుర్రవాడు. ఒక హోంగార్డుకు బావమరిది. చొక్కానిండా ఎర్రరంగు పూసుకుని, మెడలో '1' అట్ట వేసుకుని వేదిక కింద పడుకుని ఈల కోసం చూస్తున్నాడు. సీఐ ఆ అట్ట తీసి భీమ్లా మెడలో వేశాడు.

"ఇది అన్యాలం సార్. పొద్దుగాల్నుంచి పడున్న, రంగు ఎండిపోయింది. మా ఇంటోళ్లందరు చూస్తానికి వచ్చిండ్రు" అన్నాడు అనిల్‌కుమార్, నిజమైన కన్నీళ్లతో.

అతన్ని ప్రత్యక్ష సాక్షిగా నియమించి ఊరడించారు.

చివరికి పెద్దసారు వచ్చారు. తివాచీ మీద నడుస్తూ మధ్యలో ఒక్క కాలు మాత్రమే పైనున్న మనిషిని చూసి నమస్కారం పెట్టారు. భీమ్లా కూడా పెట్టాడు. సంస్కారం అంటే తండాలవాళ్లదే. వచ్చిన అతిథికి శాలువలు కప్పారు, పూలగుత్తులు ఇచ్చారు. తర్వాత పెద్దసారు ప్రసంగించారు.

"ఇకమీదట మన పట్టణంలో ప్రమాదం జరగాలంటేనే భయపడాలి. బాధితుడు అరవడానికి ముందే మనం అతని ముందు ఉండాలి."

నిజమే, అరుపు సరిగా వినిపించాలని అందరూ అతని ముందే ఉన్నారు. భీమ్లా గొంతు అప్పటికి మూగబోయింది. కాలు మొద్దుబారింది. చెమటలు కారుతున్నాయి. సక్రి కొంగుతో తుడుస్తూ, పెద్దసారు నోరు ఎప్పుడు మూతపడుతుందా అని చూస్తోంది. చప్పట్లకు ఆగినప్పుడల్లా అయిపోయిందనుకుని లేచి నిలబడింది.

రిబ్బను తెగింది. ఈల మోగింది. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి, మన పోలీసులు తలుచుకుంటే పిడుగులు. నలుగురు గడ్డపారలతో ఉరికారు, పలక లేపారు, భీమ్లాను పైకి తీశారు, స్ట్రెచరు మీద వేశారు, బండెక్కించారు. మనం తమలపాకుకు సున్నం రాసుకునేంతసేపు కూడా పట్టలేదు. సక్రి చెంగున బండిలోకి దూకింది. సైరను మోగింది. ఆమె చేతులు జోడించి సేవాలాల్‌కు మొక్కుకుంది.

బండి వీధి మలుపుదాకా పోయి, తిరిగి, మళ్లీ వేదిక దగ్గరికే వచ్చి ఆగింది.

"దవాఖానా?" అంది సక్రి.

"మనకు ఈడిదాంకనే ఆర్డరుంది అక్కా. దవాఖానల నమూనా పెట్టలేదు, ఆళ్లకు చెప్పనేలేదు" అని డ్రైవరు వెనక తలుపు తీశాడు.

అక్కడ సీఐ నిలబడి ఉన్నాడు. విషయం ఏమిటంటే, రక్షించే ఆ కాస్త సమయంలో పెద్దసారుకు హైదరాబాదు నుంచి ఫోన్ వచ్చింది. అటు తిరిగి మాట్లాడారు. చూడలేదు. ఫొటోలలో వారి వీపు పడింది.

"ఒక్కసారి మళ్ల కూసోబెడుదం" అన్నాడు సీఐ, ఎంతో నెమ్మదిగా. "ఆయనకు అలవాటయింది గదా. ఎట్లయిన తీస్తం. తీసింది చూసిండ్రు గదా."

"ఒక్క నిమిషమే గదమ్మా, పట్టణానికి పేరొస్తది" అన్నాడు సెల్ఫీ పెద్దమనిషి. "వన్స్ మోర్" అన్నారు వెనకాల ఎవరో. గోపాలు మైకులో, ప్రజల కోరిక మేరకు బాధితుడు మరోసారి ప్రమాదానికి అంగీకరించారని ప్రకటించాడు. స్ట్రెచరు కంత దగ్గరికి వచ్చింది. అన్నిటికన్నా ఘోరం ఏమిటంటే, భీమ్లా మొహమాటపడి లేవబోయాడు.

సక్రి బండి దిగింది. పలక పక్కన పడివున్న గడ్డపార తీసుకుంది. రెండు చేతులా ఎత్తి కంతకు అడ్డంగా నిలబడింది.

"రాండ్రి. ఇగ నమూనా లేదు. ఎవలొచ్చిన అసలుదే."

ఇక్కడ మన పోలీసు శాఖకు దక్కాల్సిన ప్రశంస దక్కాలి. ఆ రోజు ఆ వీధిలో వాళ్లు గుర్తించిన మొట్టమొదటి అసలు అత్యవసర పరిస్థితి ఇదే. బందోబస్తు లేదన్న మాటే రాలేదు. ఎక్కడెక్కడి బలగమో లాఠీలతో వచ్చి చుట్టుముట్టింది. జనం కూడా ఫోన్లు జేబుల్లో పెట్టి, మొదటిసారి చేతులు ఖాళీ చేసుకుని, ఆమెను పట్టుకోవడానికి సాయపడ్డారు. అనిల్‌కుమార్ ప్రత్యక్ష సాక్షిగా తన విధి నిర్వర్తించాడు. విధులకు ఆటంకం, మారణాయుధం, అతిథికి భయం కలిగించడం అని కేసు అక్కడికక్కడే తయారైంది.

వీరన్న ఆమె చేతిలోంచి గడ్డపార తీసుకుంటూ నసిగాడు. "ఏం పని జేసినవమ్మా. ఇప్పుడు నాకు ఇంకో డ్యూటీ. పట్టుకున్నోళ్లను ముందుగాల దవాఖానల సూపెట్టాలె. డాక్టరు చూసినంక గానీ స్టేషన్ల కూసోనియ్యరు."

సక్రి గింజుకోవడం మానేసింది.

"ఎవలనైనా?"

"అవ్. రూలు. ముద్దాయికి చిన్న గీత పడ్డా మా ఉద్యోగాలు పోతయ్."

"అట్లయితే ఆయన్ను గూడ రాసుకోండ్రి. ఈ గడ్డపార పట్టుమని నన్ను ఎగేసింది ఆయనే."

స్ట్రెచరు మీద భీమ్లా తల ఎత్తాడు. "నేనేమన్ననే? నా నోట మాటే రాకపాయె."

"ఊకో. నీకు కాలు కావాల్నా, మంచి పేరు కావాల్నా?"

భీమ్లా కాసేపు ఆలోచించి, నేరం ఒప్పుకున్నాడు.

తర్వాత జరిగింది చూడాల్సిందే. ముందొక జీపు, వెనకొక జీపు, మధ్యలో మామిడాకుల అంబులెన్సు. ఈసారి మలుపు దగ్గర తిరగలేదు. సిగ్నళ్లు వదిలేశారు. దవాఖానాలో చీటీలేదు, వరసలేదు. ముద్దాయి కాలు అనగానే ఎముకల డాక్టరు అన్నం చేయి కడుక్కుని వచ్చాడు. ఎక్స్‌రే ఫొటో తీశారు, ఎముక సరిచేశారు, సిమెంటు పట్టీ వేశారు. వీరన్న దగ్గరుండి మందులు తెచ్చాడు. ముద్దాయికి ఏమైనా అయితే అతని కొంప మునుగుతుంది మరి. ఇంకొంచెం ఆలస్యమైతే కాలు తీసేయాల్సి వచ్చేదని డాక్టరు చెప్పాడు. పక్క మంచం మీద మూడు రోజులనుంచి ఫొటో కోసం ఎదురుచూస్తున్న ముదిగొండ ముసలాయన సక్రిని దగ్గరికి పిలిచి, ఏ సెక్షను కింద పట్టుకున్నారో గుట్టుగా అడిగి, కొడుకు చేత ఫోన్లో రాయించుకున్నాడు.

ప్రదర్శన తాలూకు వీడియో మీకూ వచ్చే ఉంటుంది. గడ్డపార ఎత్తిన ఆడమనిషి, కింద నవ్వు బొమ్మలు. వాటిలో ఒకటి మీదే. సరే, జరిగిందేదో జరిగింది. ఎప్పుడన్నా ఏ వీధిలోనో మీ కాలు పలకలో దిగబడితే కంగారుపడి ఎవరినీ పిలవకండి, సమయం వృథా. ముందు చేతికందిన గడ్డపార ఒకటి చూసుకోండి. మిగతా విషయాలకు మీ చుట్టూ మేమంతా ఉండనే ఉంటాం, ఫోన్లు పైకెత్తి.